ఎడమకు తిరిగే ముందు

లారీల యార్డులో అందరూ అతన్ని ఫస్ట్‌గేరు అని పిలిచేవాళ్లు. నడక నెమ్మది, మాట నెమ్మది, కంచం ముందు కూర్చుంటే మరీ నెమ్మది. పేరు మాత్రం అందుకు పెట్టలేదు. అతనికి కోపం రావడం ఆలస్యం. వచ్చాక మాత్రం ఎంత బరువునైనా ఎంత ఎత్తుకైనా లాక్కుపోతుంది, మధ్యలో ఆగదు. ఒకసారి ఒక మెకానిక్కు అతని కొత్త టైరు నొక్కేసి పాతది బిగించాడు. ఏళ్లు గడిచాయి, మెకానిక్కు ఆ సంగతే మర్చిపోయాడు. ఒకరోజు తన కొత్త మోటారు సైకిలు యార్డులో నిలిపి, టీ తాగి వచ్చేసరికి దాని చక్రాలు రెండూ లేవు. పక్కన ఒక పాత లారీ టైరు మాత్రం పొందిగ్గా ఆనించి ఉంది. ఫస్ట్‌గేరు అవతలి బల్ల మీద కూర్చుని ఇంకా టీ ఊదుకుంటున్నాడు.

ఒక కన్ను మసకబారాక యార్డువాళ్లు లారీ తాళాలు తీసేసుకున్నారు. అప్పటినుంచీ తాళాలు బాగుచేసే కొట్టు పైన ఉన్న రెండు గదులే అతని లోకం. ముందు గదిలో భార్య కుట్టుమిషను. బిగుతైన బట్టలు వదులు చెయ్యడం, వదులైనవి బిగించడం ఆమె పని. ఆ వీధిలో ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కిపోయారో అద్దంకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కూతురు స్కూటరు మీద పార్సిళ్లు ఇచ్చే ఉద్యోగం చేస్తుంది. ఇల్లు నడిచేది ఆ స్కూటరు మీదే.

ఆ కూతురు కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద పడింది.

తండ్రి వెళ్లేసరికి ఆమె దుప్పటి మీద రోడ్డు వేసి తల్లికి చూపిస్తోంది. దువ్వెన ఫుట్‌పాత్ అంచు. మాత్రల పెట్టె కారు. సీసా మూత ఆమె స్కూటరు.

"కారు నా ముందే ఎడమ లేన్‌లో పోతోందమ్మా. నేను దాని వెనక. ఉన్నట్టుండి కుడి లేన్‌లోకి జరిగింది. ఓహో, నాకు దారిచ్చాడనుకున్నాను. నేను నేరుగా ముందుకెళ్లాను. అంతే, కుడి నుంచి అడ్డంగా నా మీదికి ఎడమకి తిప్పేశాడు. ఆ సందులోకి పోవాలట."

ఫస్ట్‌గేరు వంగి మాత్రల పెట్టెను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ముందు కుడికి జరిపాడు. తర్వాత విశాలంగా గుండ్రం తిప్పి ఎడమకు తెచ్చాడు. మూత పక్కకు పడిపోయింది.

"ఇలాగేనా?"

"అచ్చం అలాగే. నువ్వు చూసినట్టే తిప్పావు నాన్నా."

"కారు ఎవరిది?"

"మీద డ్రైవింగ్ స్కూలు బోర్డుంది. యజమానే నడుపుతున్నాడట."

అతను పెట్టెను దుప్పటి మీద వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. భార్య అతని వీపు చూసి, "అయిపోయింది, గేరు పడింది" అంది గొణుగుతూ.

పొడవాటి లారీని ఇరుకు సందులోకి ఎడమకు తిప్పాలంటే అంచు పట్టుకుని తిప్పితే కుదరదు. వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అందుకే ముందు కుడికి జరిగి, చోటు చేసుకుని, అప్పుడు తిప్పాలి. ఎడమ పక్క కూర్చున్న క్లీనరు తల బయట పెట్టి చూసి, ఖాళీగా ఉంటే అరచేత్తో తలుపు మీద రెండుసార్లు కొడతాడు. ఆ చప్పుడు వినకుండా డ్రైవరు తిప్పడు. ఫస్ట్‌గేరు దగ్గర ఏళ్లపాటు ఆ తలుపు కొట్టిన క్లీనరు ఒకడున్నాడు. ఎప్పుడు చూసినా లారీ కింద జాకీ పట్టుకుని ఉండేవాడు కాబట్టి వాడి పేరు జాకీ. వాడికి స్టీరింగు పట్టడం నేర్పిందీ ఫస్ట్‌గేరే. నేర్పే రోజుల్లో తను ఎడమ సీటులోకి జరిగి, తనే వాడికోసం తలుపు కొట్టేవాడు. ముందు కుడికి, తర్వాత ఎడమకి. చేతులకు పట్టేదాకా చేయించాడు. తిట్టాడు, మొట్టాడు. ఒక్కసారి కూడా బాగుందని అనలేదు.

యార్డువాళ్లు అతని దగ్గర తీసుకున్న తాళాలు అదేరోజు జాకీ చేతిలో పెట్టారు. జాకీ పెట్టించుకున్నాడు. మెట్లెక్కి వచ్చి ఒక మాట చెప్పిన పాపాన పోలేదు. తర్వాత లారీ వదిలేసి డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. బోర్డు మీద తన బొమ్మే వేయించుకుని, కింద 'సొంతంగా నేర్చుకుని పైకొచ్చిన ఉపాధ్యాయుడు' అని రాయించాడు. ఆ బోర్డు కింద నుంచి నడిచిన రోజు ఫస్ట్‌గేరు ఇంటికి వచ్చి చెప్పులు విప్పడం మర్చిపోయి అలాగే గదిలో తిరిగాడు.

ప్రమాదం జరిగిన చోట జాకీ కానిస్టేబుల్‌తో అన్న మాటలు కూతురు రోడ్డు మీద పడి ఉండి విన్నది. "ఈ పార్సిల్ పిల్లలకి రోడ్డంటే ఆటస్థలం సార్. నేను ఎడమ లేన్‌లోనే ఉన్నాను. ఈ పిల్లే లోపలివైపు దూరింది. లేన్లు నేర్పేవాణ్ణి, నాకు తెలీదా?" కానిస్టేబుల్ తలూపి అలాగే రాశాడు.

ఆ రాత మీద చివరి మాట విచారణ అధికారిణిది. ఆమె గది మెట్ల కింద, ఫ్యాను చప్పుడు తప్ప గాలి లేని గది. కూతురు నడవలేదు కాబట్టి ఆమె తరఫున సంతకం పెట్టే హక్కు రాయించుకుని ఫస్ట్‌గేరు వెళ్లాడు.

"చూడండి పెద్దాయనా," అంది ఆమె, బల్ల మీద రబ్బరు, పెన్సిలు పక్కపక్కన పెట్టి. "తిరిగే బండి తన అంచు లేన్‌లోనే ఉండి తిరిగిందనుకోండి, లోపల దూరినవాళ్లది తప్పు. పక్క లేన్‌లోకి వెళ్లి అక్కణ్ణుంచి అడ్డంగా తిరిగిందనుకోండి, తిరిగినవాడిది తప్పు. కారుకి దెబ్బ ఎడమ వెనక తలుపు మీద పడింది. ఏ కథైనా దెబ్బ అక్కడే పడుతుంది. చూసినవాళ్లు లేరు. ఇద్దరూ ఒప్పుకుంటే సగం సగం రాసేస్తాను. ఒప్పుకోకపోతే తనిఖీ పెడతాను, అందులోనూ ఏమీ తేలకపోతే కానిస్టేబుల్ రాసిందే నిలబడుతుంది."

"ఆలోచించుకుని చెప్తాం," అన్నాడు ఫస్ట్‌గేరు.

కూతురు ఇంటికొచ్చాక, ఒక సాయంత్రం జాకీ మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల సంచి. కూర్చోమనేవాళ్లు లేక కుట్టుమిషను ముందున్న స్టూలు మీద తనే కూర్చున్నాడు.

"బాగున్నారా గురూగారూ?"

"మెట్లు గుర్తున్నాయన్నమాట."

"మీ అమ్మాయని తెలీదు. ఒట్టు. తెలిసుంటే..."

"తెలిసుంటే ఏం చేసేవాడివి? సరైన లేన్‌లోంచి తిప్పేవాడివా?"

జాకీ మొహం ఎర్రబడింది. "నేను ఎడమ లేన్‌లోనే ఉన్నాను. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. అయినా మీ మొహం చూసి సగం నా మీద వేసుకుంటాను. చెల్లెమ్మ ఉద్యోగం పోకూడదు కదా."

"మొహం చూసి ఇచ్చేదైతే ఇంకొంచెం దగ్గరికి రా. సరిగ్గా కనపడ్డం లేదు నాకు."

భార్య మిషను తొక్కడం ఆపి, "నాయనా, నీ నడుము చుట్టుకొలత బాగా పెరిగింది. స్కూలు బాగా నడుస్తున్నట్టుంది," అంది. జాకీ నవ్వాలో వద్దో తెలియక సంచి బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

అతని అడుగుల చప్పుడు ఆగాక కూతురు అంది. "సగం చాలు నాన్నా. మా మేనేజరు చెప్పాడు. తప్పు పూర్తిగా నాదని రాస్తేనే తీసేస్తారు. సగమైతే తిరిగి బండిస్తారు."

"చెయ్యని తప్పులో సగమెందుకు మోస్తావు?"

"ఇల్లు గడవాలి కాబట్టి. కట్టు నా కాలికి, నీ కోపానికి కాదు."

అతను పళ్ల సంచి తీసుకెళ్లి కింద తాళాల కొట్టువాడికి ఇచ్చేసి వచ్చాడు.

మరునాటినుంచి ఫస్ట్‌గేరు డ్రైవింగ్ స్కూలుకు ఎదురుగా ఉన్న బస్‌స్టాపు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏ బస్సూ ఎక్కడు. స్కూలు పక్కనే ఎడమకు ఒక సందు. నేర్చుకునేవాళ్ల కార్లు ఆ సందులోకే తిరుగుతాయి. మొదటి కారులో కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ. సందు దగ్గరికి వచ్చేసరికి కుడికి జరిగి, తర్వాత ఎడమకు తిప్పింది. ఫస్ట్‌గేరు వెన్ను నిటారుగా అయింది. తర్వాత వచ్చిన కుర్రాడూ కుడికి జరిగే తిప్పాడు. ఆ తర్వాత వచ్చిన బట్టతల పెద్దమనిషీ అంతే. మంచం కూడా పట్టని బుల్లి కార్లు, వెనకాల ఇటుకల లోడేదో ఉన్నట్టు విశాలంగా గుండ్రాలు తిరుగుతున్నాయి. తన చేతులు కన్న బిడ్డల్లాగా ఆ తిప్పులన్నీ అతనికి ఎదురుగా వచ్చిపోతున్నాయి. జాకీ నేర్పుతున్నాడు, జాకీకి తెలియదు. తెలియకుండానే ఊరినిండా లారీ డ్రైవర్లను తయారు చేస్తున్నాడు.

ఫస్ట్‌గేరుకు ఏళ్ల తర్వాత ఆకలి వేసింది. ఇంటికి పోయి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మెట్ల కింది గదికి వెళ్లి, సగం సగానికి ఒప్పుకునేది లేదని, తప్పెవరిదో పూర్తిగా తేల్చమని సంతకం పెట్టేశాడు. కూతురితో చెప్పలేదు.

ఆమెకు తెలిసింది నోటీసు వచ్చినప్పుడే. ప్రమాదం జరిగిన చోట, అదే కారులో అధికారిణి తనిఖీ చేస్తుందని అందులో ఉంది. కూతురు చదివి, మడిచి, తండ్రి కంచం కింద పెట్టింది. ఆరోజు నుంచి అతనితో మాట్లాడలేదు. కావాల్సినవి గోడతో చెప్పేది. "ఆ మంచినీళ్లు ఎవరైనా ఇటు జరిపితే బాగుండు," అనేది. అతను జరిపేవాడు.

తనిఖీ రోజున ఎండ దంచేస్తోంది. ఆఫీసు బండి ఎప్పటిలాగే షెడ్డులో ఉంది. అధికారిణి జాకీ కారులోనే వెనక సీటులో కూర్చుంది. ఆమె పక్కన కట్టుకాలితో కూతురు. ముందు ఎడమ సీటులో ఫస్ట్‌గేరు.

జాకీ అద్దంలా నడిపాడు. ఎడమ లేన్‌లో అంచు పట్టుకుని, ఇండికేటరు వేసి, వేగం తగ్గించి, ఆ సందులోకి చక్కగా తిరిగాడు. పరీక్ష రాసే పిల్లాడు కూడా అంత జాగ్రత్తగా రాయడు. అధికారిణి ఏదో రాసుకుంది. కూతురు కళ్లు మూసుకుంది.

"సరే, ఆఫీసుకి పోదాం. అక్కడ సంతకాలు పెడితే అయిపోయింది," అంది అధికారిణి.

జాకీ భుజాలు వదులయ్యాయి. కారు పెద్దరోడ్డెక్కింది. ఆఫీసుకు పోవాలంటే నీళ్లట్యాంకు దగ్గర ఎడమకు తిరగాలి.

అప్పుడు ఫస్ట్‌గేరు నోరు విప్పాడు. "ఆ కొండ దిగుడు గుర్తుందా నీకు?"

"ఏ దిగుడు గురూగారూ?"

"సిమెంటు లోడుతో దిగుతుంటే బ్రేకు పోయిందే, ఆ వానలో."

"ఎందుకు గుర్తుండదు," అన్నాడు జాకీ.

"బండి ఎంత నెమ్మది చేసినా నిలవలేదు. నువ్వు తలుపు తీసుకుని బురదలోకి దూకేశావు. చెక్క పట్టుకుని పక్కనే పరిగెత్తి చక్రం కింద తోశావు. చేతిమీదికి చక్రం వస్తోంది, నువ్వు చెయ్యి తీయలేదు. చెక్క పట్టేదాకా తీయలేదు. నేను పైనుంచి చూస్తున్నా."

జాకీ మెడ కొంచెం వాలింది.

"ఆరోజు నువ్వు లేకపోతే ఈ అమ్మాయికి నాన్న లేడు. ఎంతోమంది క్లీనర్లు మారారు నా దగ్గర. నీలాంటివాడు ఒక్కడు రాలేదు. ఎప్పుడూ చెప్పలేదు నీకు."

"లేదు గురూగారూ," అన్నాడు జాకీ. "ఎప్పుడూ చెప్పలేదు."

నీళ్లట్యాంకు వచ్చింది. ఫస్ట్‌గేరు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, అరచేత్తో తలుపు మీద రెండుసార్లు కొట్టాడు.

జాకీ చేతులు కదిలాయి. ముందు కుడికి. కారు పక్క లేన్‌లోకి జరిగి, చోటు చేసుకుని, అక్కణ్ణుంచి లారీ తిరిగినట్టు విశాలంగా ఎడమకు తిరిగింది. వెనక వస్తున్న మోటారు సైకిలు కీచుమని ఆగింది. దాని మీదున్నవాడు జాకీ తాతముత్తాతలందర్నీ తలుచుకుని పోయాడు.

కారు ఆగిపోయింది. వెనక సీటులో అధికారిణి రాసుకోవడం మానేసి ముందుకు వంగింది. జాకీ స్టీరింగు మీద ఉన్న తన చేతులను ఎవరో మర్చిపోయిన వస్తువుల్లాగా చూసుకుంటున్నాడు.

"తలుపు కొట్టారు గురూగారూ."

"కొట్టాను."

"మేడమ్, ఆయన తలుపు కొట్టాడు. మా లారీల గుర్తు అది. నన్ను కావాలని..."

"ఎడమ ఖాళీగా ఉంది, తిప్పమని కొట్టాను మేడమ్," అన్నాడు ఫస్ట్‌గేరు తల తిప్పకుండా. "కుడికి పొమ్మని నేను చెప్పలేదు. అది వాడి చేతులే పోయాయి. నమ్మకపోతే వీడి స్కూలు ఎదురుగా బస్‌స్టాపులో కాసేపు కూర్చోండి. వీడి దగ్గర నేర్చుకున్నవాళ్లంతా అలాగే తిప్పుతున్నారు."

అధికారిణి మొండి మనిషి. ఆ పూటే వెళ్లి ఆ బల్ల మీద కూర్చుంది. తిరిగి వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వుకీ చిరాకుకీ మధ్య ఏదో ఉంది. మెట్ల కింది గదిలో జాకీని నిలబెట్టి అడిగింది. "ఆరోజు కూడా కుడికి వెళ్లి తిప్పారా?"

ఈ మాట కోసమే ఫస్ట్‌గేరు కాసుక్కూర్చున్నాడు. వీడు బొంకాలి. బొంకుతుంటే అందరి ముందూ నోరు పట్టుకోవాలి.

"తెలీదు మేడమ్," అన్నాడు జాకీ. "ఎడమ లేన్‌లోనే ఉన్నాననుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. ఇందాక కూడా ఎడమలోనే ఉన్నాననుకున్నాను, ఆ మోటారు సైకిలువాడు తిట్టేదాకా." చేతులు రెండూ ముందుకు చాపాడు. "ఇవి ఎప్పుడు పోయాయో నాకు తెలీదు. ఆయన నేర్పిన చేతులివి."

"మీరు నేర్పారా?" అధికారిణి ఫస్ట్‌గేరు వైపు తిరిగింది.

"నేర్పాను. లారీకి నేర్పాను. కారుకి నేర్పలేదు."

తప్పు మొత్తం కారుదేనని ఆమె రాసింది. స్కూలు అనుమతి ఆపించి, జాకీ మళ్లీ పరీక్షకు కూర్చోవాలని కూడా రాసింది. అది ఎవరూ అడగలేదు. ఫస్ట్‌గేరు మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు.

గెలుపు అతను అనుకున్నంత తీపిగా లేదు. అబద్ధాలకోరును తొక్కడానికి వచ్చాడు. ఎదురుగా ఉన్నవాడు అబద్ధం ఆడలేదు. అయినా పులుపుదైనా పండు పండే. ఇంటికి పోతూ దారంతా దాన్ని చప్పరిస్తూనే పోయాడు.

కూతురు ఆ రోజు మాట్లాడింది. కుర్చీ మీద కాలు చాపుకుని, గోడతో కాదు, అతనితోనే.

"ఉద్యోగం దక్కింది. సంతోషమే. ఓడిపోయుంటే ఏం చేసేవాడివి?"

"ఓడను."

"అది కాదు నాన్నా. నువ్వు అతన్ని పొగుడుతుంటే నాకు వెనక సీటులో ఏడుపొచ్చింది. అంత బాగా మాట్లాడతావని నాకు తెలీదు. నాతో ఎప్పుడైనా ఒక్క మాట అలా అన్నావా? అతనికి అన్నది కూడా గోతిలోకి దింపడానికేగా."

భార్య నోట్లో ఉన్న గుండుసూదులు తీసి ఒక్కొక్కటే దిండుకు గుచ్చింది. ఈసారి ఆమె కూడా జోకు వెయ్యలేదు.

కూతురు కట్టు విప్పి స్కూటరు ఎక్కిన వారానికి, డ్రైవింగ్ స్కూలు బోర్డు దించుతున్నారని తాళాల కొట్టువాడు చెప్పాడు. ఫస్ట్‌గేరు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లి బస్‌స్టాపు బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు నిచ్చెనెక్కి మేకులు పీకుతున్నారు. ఇస్త్రీ చొక్కాలో ఉన్న జాకీ బొమ్మ తలకిందులుగా కిందికి దిగింది. చూడాలనుకున్నదంతా చూశాడు.

జాకీ రోడ్డు దాటి వచ్చి పక్కన కూర్చున్నాడు. నలిగిన చొక్కా. ఇద్దరూ బోర్డువైపే చూశారు.

"ఒక్కటే అడగడానికొచ్చాను గురూగారూ. స్కూలు పోతే పోయింది, మళ్లీ పెట్టుకుంటాను. ఆరోజు కారులో అన్నారే, కొండ దిగుడు గురించి. నాలాంటివాడు ఒక్కడు రాలేదని. అది నిజంగా అన్నారా?"

ఫస్ట్‌గేరు కళ్ల ముందు వాన, బురద, చక్రం కింద చెక్కను పట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి తీయలేదు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి గుర్తురాని వాన ఒక్కటి లేదు.

తర్వాత తన చేతిలోంచి జారిపోయిన లారీ తాళాలు గుర్తొచ్చాయి. వాటిని తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిన వీపు గుర్తొచ్చింది.

"లేదు," అన్నాడు. "నిన్ను తిప్పించడానికి అన్నాను."

జాకీ తలూపాడు. లేచి, చొక్కా దులుపుకుని, రోడ్డవతల నిలిపిన కారెక్కాడు. స్కూలు పక్క సందులోకే పోవాలి. కారు ఎడమ అంచును పట్టుకుని, భయంభయంగా, అంగుళం కూడా కుడికి జరగకుండా పోయి, అలాగే తిరిగింది. మరీ లోపలికి తిరిగింది. వెనక చక్రం ఫుట్‌పాత్ మీదికెక్కి దబ్బుమని కింద పడింది.

నిచ్చెన మీది మనుషులు నవ్వారు. ఫస్ట్‌గేరు నవ్వడానికే వచ్చాడు. బస్సు వచ్చి ఆగింది, ఎక్కుతావా అని కండక్టరు అడిగాడు, అతను తల అడ్డంగా ఊపాడు. బస్సు వెళ్లిపోయాక చూస్తే అవతల నిచ్చెన లేదు, బోర్డు లేదు. గోడమీద నాలుగు మేకుల గుర్తులు మాత్రం ఉన్నాయి.